జేబు లేని సూటు

ఆ రోజు ఆ అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: దర్శకుడు, అతని సహాయకుడు, కెమెరా అతను, డాక్టరు వేషం వేసిన హీరో, ఆయా వేషం వేసిన అమ్మాయి, మంచం మీద శవంగా పడుకున్న ఒక ముసలావిడ. వీళ్లు కాక, వంటగదిలో మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్న అసలు ఆయా.

ఆమె ఇరవై రెండేళ్లుగా పెద్దాసుపత్రిలో పనిచేస్తోంది. చేతులు కడిగే మందునీళ్లకు వేళ్ల సందులు తెల్లగా పగిలిపోయాయి. అంటురోగం మీద సినిమా తీస్తున్నాం, రక్షణ సూటు ఎలా వేసుకోవాలో, ఎలా విప్పాలో చూపించమంటే సెలవు పెట్టి వచ్చింది.

"అంతా అచ్చం నిజంలా ఉండాలమ్మా" అన్నాడు దర్శకుడు పొద్దున్నే.

ఆ మాట ఆమెకు నచ్చింది. అక్క గుర్తొచ్చింది. అక్కది కూడా ఆ ఆసుపత్రే, ఆ పనే. అంటురోగం వచ్చిన ఏడాది దాంతోనే పోయింది. అక్క పోయిన వారం రోజులకి వీధిలో ఒక మాట పుట్టింది. శవం వేలి నుంచి ఉంగరం లాక్కుందట, అందుకే అంటుకుందట. ఆ మాట అన్న ప్రతి ముఖమూ ఆమెకు ఇంకా గుర్తుంది.

అమ్మాయికి సూటు తొడిగింది. గ్లౌజు మీద గ్లౌజు వేసి మణికట్టు చుట్టూ టేపు చుట్టింది. ఆ టేపు చుట్ట అక్కది. రెండు గ్లౌజులు వేసుకుంటే టేపు కొస చేతికి దొరకదు. అందుకని అక్క వాడిన ప్రతిసారీ కొసను కాస్త మడిచి పెట్టేది. ఆమె కూడా మడిచి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు శవం వేలి ఉంగరం లాగి జేబులో వేసుకోవాలి. దాంతోనే ఊరంతా అంటుకుంటుంది" అని దర్శకుడు అమ్మాయికి చెప్పాడు.

ఆయా చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది.

"ఆ సూటుకి జేబుండదు బాబూ."

"కుట్టిస్తాంలే."

"రెండేసి గ్లౌజులతో ఉంగరం పట్టు దొరకదు. అయినా ఉంగరంతో ఊరికెందుకు అంటుతుంది? ఊపిరితో అంటింది. ఒకరి తర్వాత ఒకర్ని మోస్తూనే ఉన్నాం. మాకు ఉంగరాలు చూసే తీరికెక్కడిది?"

"కథకి ఒక దొంగ కావాలమ్మా. ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు?"

శవం ఒక కన్ను తెరిచింది. "దిగులుపడకు వదినా, ఇది గిల్టుదే." అందరూ పగలబడి నవ్వారు. ఆయా నవ్వలేదు.

ఎవరూ పట్టించుకోరా? సరే, అనుకుంది.

మధ్యాహ్నం హీరో వంతు వచ్చింది. "సూటు విప్పేటప్పుడు ముందేం తీయాలి?" అని అడిగాడు.

"మాస్కు బాబూ."

ఇరవై రెండేళ్లలో ఆమె నోటి వెంట ఆ మాట ఎన్నడూ రాలేదు. ముందు గ్లౌజులు, తర్వాత సూటు, చేతులు కడుక్కుని, గది దాటాకే మాస్కు. కొత్తగా చేరిన పిల్లలు తప్పు చేస్తే చేతి మీద ఒక్కటి వేసేది.

"ఆ గ్లౌజులతోనే గడ్డం కింద నుంచి లాగేయండి. చెమట పట్టుంటుంది కదా, కళ్లు కూడా తుడుచుకోండి."

"అబ్బ! ముఖం ఎంత బాగా కనబడుతోందో! ఈ ముక్క ముందే చెప్పొద్దూ!" అన్నాడు దర్శకుడు.

వసారాలో అమ్మాయి మెల్లిగా అడిగింది. "పిన్నీ, నాక్కూడా అలాగేనా?"

ఆయా ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "నీకు వేరే తల్లీ" అని, సరైన పద్ధతి నాలుగుసార్లు చేయించింది.

షాట్ తీశారు. హీరో మాస్కు లాగి, శవం పక్కనే గుండెల నిండా ఊపిరి పీల్చి, కళ్లు తుడుచుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఆయా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మూడో రోజు జ్వరం. ఆరో రోజు ఆయాసం. అక్క తొమ్మిదో రోజు పోయింది. సినిమాలో ఈ డాక్టరుదీ అదే లెక్క. ఆ సంగతి సినిమా తీసినవాళ్లకు తెలియదు. కానీ సినిమా ఎక్కడ ఆడినా, వార్డుల్లో చేసిన ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకుని, "చచ్చాడు వెధవ" అని నవ్వుతారు. ఉంగరం లాక్కున్న ఆయా మాత్రం బతుకుతుంది.

చేతులు కడుక్కుని టేపు కోసం వచ్చింది. సహాయకుడు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"మీ పని అయిపోయిందమ్మా. ఇంకో షాట్ ఉంది."

"నా టేపు..."

"తర్వాత, తర్వాత" అంటూ ముఖం మీదే తలుపు వేశాడు.

లోపల బల్ల మీద టేపు చుట్ట అలాగే ఉంది, గ్లౌజులు వేసుకున్న చేతికి దొరికేలా కొస మడిచి.