రూటర్ వదలని పాత అడ్రసు

"మళ్ళీ ఏం కెలికావ్?" హాల్లోంచి మా ఆయన నిరంజన్ అరిచేసరికి నేను గుత్తొంకాయలు మూకుడులో తిరగేస్తున్నాను.

శుక్రవారం. గల్ఫ్‌లో, ఐన్ ఖాలిద్‌లోని మా ఇంటికి అతని మేనేజర్ ఫసీయుద్దీన్ గారు, భార్య రఫియాతో భోజనానికి వచ్చారు. హైదరాబాద్ వాళ్ళు. తను పనిచేసే సైట్ వీడియోలు పెద్ద టీవీలో చూపించి ప్రమోషన్ కొట్టేయాలని నిరంజన్ ఆశ. టీవీలో మాత్రం 'దొరకలేదు' అని వస్తోంది.

ఎందుకో నాకు తెలుసు. వీడియోలు దాచే డబ్బా పాడైతే, పోయిన వారం కొత్తది తెచ్చి దానికీ పాత పేరే పెట్టాడు. రూటర్‌లో ఆ పేరుకి రాసి ఉన్నది ఇంకా పాత డబ్బా అడ్రసే. టీవీ ఎంత పిలిచినా అక్కడ పలికేవాళ్ళు లేరు. అది మార్చాలని ఆ రోజే చెప్పాను. "నువ్వు నెట్‌వర్కులు చూసిన రోజులు పోయాయి, చపాతీలు మాడకుండా చూడు" అన్నాడు. వీడియో కాల్లో ఉన్న అత్తగారు పకపకా నవ్వింది. హైదరాబాద్‌లో నేనొక టీమునే నడిపానన్న సంగతి, పెళ్ళిలో చుట్టాలకి చెప్పుకోవడానికే వాళ్ళకి పనికొచ్చింది.

"మా ఆవిడకి ఇవేం తెలీవు సార్, ఏదో ఒకటి నొక్కేస్తుంది" అంటున్నాడు. రఫియా వంటింటి గుమ్మంలో ఉన్న నావైపు జాలిగా చూసింది. ఆ జాలికి ఒళ్ళు మండింది. అతను రూటర్ వైరు పీకాడు, పెట్టాడు, మళ్ళీ పీకాడు. ఏసీలోనూ చొక్కా వీపుకి అంటుకుపోయింది. చూస్తుంటే ఇంత హాయిగా ఉంటుందనుకోలేదు.

మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చాడు. "స్వర్ణా, ప్లీజ్. ఒక్క నిమిషం."

"వాళ్ళ ముందు అడగండి."

"పరువు తీస్తావా?"

"ఇప్పటిదాకా తీసిందెవరు?"

హాల్లోకి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు. "నెట్‌వర్క్ చూసేది స్వర్ణే సార్. నాకు రావట్లేదు. స్వర్ణా, కాస్త చూడవా?"

"మరి మీరు కూర కలుపుతూ ఉండండి, అడుగంటుతుంది."

అతను గరిటె పట్టుకోక తప్పలేదు. నేను రూటర్‌లో పాత అడ్రసు తీసేసి కొత్తది రాసి, టీవీ ఆపి మళ్ళీ పెట్టాను. వీడియో వచ్చేసింది.

"ఎక్కడ నేర్చుకున్నరమ్మా?" అన్నారు ఫసీయుద్దీన్ గారు.

"నా ఉద్యోగం ఇదే సార్. ఇక్కడా ఒక కంపెనీ వాళ్ళు రమ్మన్నారు. నేను ఆయన వీసా మీద ఉన్నాను కదా, అభ్యంతరం లేదని ఆయన సంతకం పెట్టాలి. ఎన్నాళ్ళ నుంచో ఆ కాగితం ఆయన బ్యాగులోనే ఉంది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏందయ్యా నిరంజన్?"

"మర్చిపోయాను సార్. రేపు చేస్తాను." గరిటెతోనే హాల్లోకి వచ్చాడు.

"రేపెందుకండీ?" అంటూ బ్యాగులోంచి కాగితం తీశాను. వాళ్ళిద్దరూ చూస్తుండగా, మూత తీసిన పెన్ను అతనికి అందించాను. అతను గరిటె పట్టిన చెయ్యి తుడుచుకునేదాకా కూడా నేను ఆగలేదు.