వెనక్కి తీసుకోలేని పాఠం

అద్దకం ఫ్యాక్టరీ గేటు దగ్గర కంట్రాక్టరు మనిషి ఒక అమ్మాయి చేతిలోని కాగితాలు లాక్కుని చించేశాడు. రంగులు కలిపి కలిపి మోచేతుల దాకా నీలమెక్కిన పిల్ల. అందరూ నీలం అంటారు.

"ఇవి మా ట్రైనింగ్ పుస్తకంలోవి. దొంగ కాపీలు తెస్తావా? కావాలంటే ఫీజు కట్టి చేరు!"

ఆ కాగితాలు నావి. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, దాన్ని ఇన్నేళ్లుగా చొక్కాల మరకల మీద ప్రయోగిస్తున్నదాన్ని. మా ఆయన ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో నాకూ గోడ గడియారానికీ మధ్య పెద్దగా మాటలుండవు. ఆ నిశ్శబ్దంలో ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం రాశాను: డ్రమ్ముల మీది గుర్తులు ఎలా చదవాలి, రసాయనం ఒంటి మీద పడితే ఏం చేయాలి. కంట్రాక్టరు వాటికే అట్ట వేసి, "సర్వహక్కులు మావి" అని అచ్చేసుకున్నాడు. మా ఇంటి నూనె డబ్బా చూసి గీసిన డ్రమ్ము, దాని సొట్టతో సహా వాళ్ల పుస్తకంలోకి దిగింది.

ఊరికే ఇచ్చేదానికి రాతకోతలెందుకని నేనూ, కాపీలు తీసి పంచే జిరాక్సు పిన్నీ, పనివాళ్లూ అనుకున్నాం. గిన్నెల మీద పేర్లు వేయించుకునేవాళ్లం, పాఠాల మీద ఒక్క ముక్క రాయలేదు.

ఆ సాయంత్రం జిరాక్సు పిన్ని షాపులో మీటింగు. నిలబడటానికి చోటు లేదు.

"పాఠం రాసిన క్షణమే దాని మీద హక్కు రాసినవాళ్లకి వస్తుంది," అన్నాను. "పంచుకోవచ్చని లైసెన్సు మనమే ఇవ్వాలి. ఏ షరతులతో ఇవ్వాలో తేల్చుకుందాం."

"ఎవడూ అమ్మకూడదని రాయండి!" వెనకనుంచి కేక.

"అయితే నేను గాలి భోంచేసి కాపీలు తియ్యాలా?" పిన్ని కస్సుమంది.

"పోనీ, ఎవరూ మార్చకూడదని రాద్దాం," అన్నాను. ఇంట్లో నాదంటూ ఉన్నవి ఆ పేజీలే.

నీలం నవ్వింది. "అక్కా, గ్లౌజులు తొడుక్కోమని రాశావు. మాకు గ్లౌజులేవి? మార్చకపోతే ఆ పేజీ ఎందుకు, చేతులు తుడుచుకోడానికా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

చివరికి ప్రతి పేజీ కిందా ఇలా పెట్టాం: రాసినవారి పేరు చెప్పి ఎవరైనా పంచవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మార్చి పంచితే ఆ సంగతి చెప్పి, దాన్నీ ఇదే లైసెన్సుతో వదలాలి.

"అంటే కంట్రాక్టరు కూడా అమ్ముకోవచ్చా?"

"అమ్ముకోనీ. నా పేరు వేయాలి. మనం కాపీ తీసుకుంటే నోరు మూసుకోవాలి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇచ్చాక ఇక వెనక్కి తీసుకోలేం." ఆ చివరి మాట నాకు నేనే చెప్పుకున్నాను.

కొద్దిరోజులకే, ఆ కాపీలు తీసినందుకు పిన్నిని పోలీసులు స్టేషన్‌కి పట్టుకెళ్లారు. నేను వెళ్లేసరికి ఆమె కటకటాల వెనక ఉంది. ఇన్‌స్పెక్టరు ఎదుట కంట్రాక్టరు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఒక పేజీ నా ముందుకు విసిరాడు. గ్లౌజుల మాట దగ్గర కొత్త వాక్యం: "గ్లౌజులు ఇచ్చేదాకా ఎవరూ డ్రమ్ము ముట్టకండి."

"ఇది నువ్వేనా రాసింది?"

"కాదండీ. నాకంత ధైర్యం ఎక్కడిది? వాళ్లు మార్చుకున్నారు. కింద రాసే ఉంది."

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే అన్నాడు: "అమ్మా, ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. లైసెన్సు రద్దు చేశానని సంతకం పెట్టండి. ఆవిణ్ణి ఇప్పుడే వదిలేస్తాం."

ఫోన్‌లో మా ఆయన: "పెట్టేసి ఇంటికి రా. నీకెందుకీ గొడవ?"

"పెట్టావో, ఈ జన్మలో నీతో మాట్లాడను!" లోపలినుంచి పిన్ని అరిచింది.

అసలే నాతో మాట్లాడేవాళ్లు తక్కువ.

"ఇచ్చిన హక్కు వెనక్కి రాదండీ," అన్నాను. "నా సంతకానికి ఇప్పుడా విలువ లేదు."

"అయితే మీరూ లోపల కూర్చోండి."

పిన్ని జరిగి చోటిచ్చింది. కాసేపటికి వీధిలో నీలం గొంతు వినిపించింది. పాఠం చదువుతోంది. ఆమె వెనక మరో గొంతు, ఆ వెనక వీధంతా. సగం వాక్యాలు నేనెన్నడూ రాయనివి. నా పక్క ఖాళీ కుర్చీ తప్ప ఎవరూ లేకుండా రాసిన పాఠం అది.

కటకటాలు పట్టుకుని లేచాను.

"ఇంకా ఏం కలిపారే? వినపడట్లేదు, గట్టిగా చదవండి!"

చదివారు.