ఎప్పుడెళ్తావురా ఎలీషా

"ఆయ్... అలాగేనండి... సోమవారం వచ్చేత్తానండి!"

ఫోను పెట్టేసి మా ఆయన ఎలీషా నా వైపు తిరిగారు. "ఇక్కడే, ఓడలరేవులో నాకు ఉద్యోగం ఖాయమంట కృపా. ఇంక దోహా వెళ్ళక్కర్లేదు."

నేను మంచమెక్కి గెంతాను. మా పెళ్ళయి ఇరవై మూడు రోజులు. ఇరవయ్యో తారీకున ఆయన విమానం ఎక్కాలి కాబట్టి, నేను గోడ మీది క్యాలెండరుకేసి చూడ్డమే మానేశాను.

"అయితే ఇవాళ అమలాపురం అంతా నడిచి చూపించాలి," అన్నాను. మాది విశాఖపట్నం. కాలేజీ రోజుల్లో నేనూ స్నేహితురాళ్ళూ కాగితం మీద దారి గీసుకుని పాత పేటలన్నీ తిరిగేవాళ్ళం. అలాగే గడియారస్తంభం నుంచి కాలవగట్టు దాకా ఒక గీత గీశాను. నోటుబుక్కులో మూడు గళ్ళు కొట్టాను. చూసినవి, తిన్నవి, అర్థం కానివి. ఆటో ఎక్కినవాళ్ళు ఓడినట్టని షరతు కూడా పెట్టాను.

"మా ఊళ్ళో ఏముంటాయే, కొబ్బరికాయలు తప్ప," అని నవ్వుతూనే చెప్పులేసుకున్నారు.

నిజంగానే ముందు కొబ్బరికాయలే కనిపించాయి. కాయల గుట్ట పక్కన కూర్చున్న వ్యాపారి తాతబ్బాయిగారు మమ్మల్ని చూసి లేచారు.

"ఏరా ఎలీషా! ఎప్పుడొచ్చేవు? ఎప్పుడెళ్తావు?"

"ఇరవయ్యో తారీకండి, బాబాయిగారూ."

నేను మా ఆయన మొహంలోకి చూశాను. ఆయన కొబ్బరికాయల్లోకి చూశారు. వేళాకోళమేమో అనుకున్నాను.

తరవాత చిన్నమ్మలుగారి టిఫిన్ బండి. పనసాకుల బుట్టలో ఉడికిన పొట్టిక్క, ఇడ్లీకి ఆకుపచ్చ గౌను తొడిగినట్టుంది. ఆ వాసనకే సగం కడుపు నిండింది.

"ఆకు కూడా తినాలాండీ?"

"తినేత్తావేంటి తల్లీ! ఆకు మేకకుంచు. అవునూ, మీ ఆయన ఎప్పుడెళ్తాడు?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు. "నెలాఖరుకండి, పిన్నిగారూ."

నెలాఖరా? అరగంట కిందట ఇరవయ్యో తారీకు కదా! మూడో గడిలో రెండూ రాసుకున్నాను. పొద్దున ఫోన్లో ఉద్యోగం మాట వచ్చిందా, నేనే కలగన్నానా? వచ్చిందే నిజమైతే, నాతో ఇక్కడ ఉండడం ఆయనకిష్టం లేదా? పొట్టిక్క మాత్రం చాలా బాగుంది. ఏడవాలో ఇంకోటి అడగాలో తెలియక, ఇంకోటి అడిగాను.

కాలవగట్టు మీద, చిన్నప్పుడు బళ్ళో మా ఆయనకి లెక్కలు చెప్పిన సోమేశ్వరరావు మాస్టారు ఎదురయ్యారు. "ఎప్పుడెళ్తావురా ఎలీషా?"

"ఇంకా టిక్కెట్టు..."

నావల్ల కాలేదు. "వెళ్ళరండీ మాస్టారూ! ఇక్కడే ఉంటారు!"

మాస్టారి మొహం వాడిపోయింది. మా ఆయన భుజం మీద చెయ్యేశారు. "అయ్యయ్యో! కంపెనీవాళ్ళు తీసేసేరా? కొత్తగా పెళ్ళయింది కూడాను. దిగులెట్టుకోకురా, ఇంకో వీసా దొరుకుద్ది." నన్ను కూడా, "ధైర్యంగా ఉండమ్మా," అని ఓదార్చి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు.

మంచి కబురు చెబితే పరామర్శ ఎందుకు చేశారో నాకు తెలియలేదు.

"చూసేవా?" అన్నారు మా ఆయన. "తొమ్మిదేళ్ళ నుంచి సెలవుకొచ్చినప్పుడల్లా నన్నడిగేది అదొక్కటే. వెళ్ళనంటే ఇదిగో, ఈ మొహం పెడతారు. నోటికొచ్చిన తారీకు చెప్పేస్తే గొడవుండదని..."

"మీకు ఉండాలనుందా, లేదా? అది చెప్పండి."

"లేకపోతే ఆ ఓడలరేవు ఆఫీసు చుట్టూ నీకు చెప్పకుండా మూడుసార్లు ఎందుకు తిరుగుతాను?"

నా చేతిలో పెన్ను లాక్కుని, మూడో గడిలోని రెండు తారీకులూ కొట్టేశారు. తరవాత నేను గీసిన దారికేసి చూసి నిట్టూర్చారు.

"ఇంటిముఖం పడితే ఇంకా ముప్పైమంది అడుగుతారు. ఒక్కొక్కళ్ళ చేతా ఓదార్పించుకోలేను. రేపు ఆదివారం కదా. చర్చి ఆరాధనలో లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పేత్తాను. దేవుడు నాకు సొంతూళ్ళో పనిచ్చేడు, నేను ఉండిపోతున్నాను, ఎవరూ దిగులు పడొద్దు అని. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోద్ది. నువ్వు నా పక్కనే నుంచోవాలి."

"మరి మాస్టారు మన చర్చికి రారుగా?"

"చర్చి అవ్వగానే ఆయనింటికి నడిచే వెళ్దాం. పొట్టిక్కలు పట్టుకుని."