గేటు దాకా కారు

పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని కారు తుడవడం. సముద్రం మా ఇంటికి కనిపించదు గానీ దాని ఉప్పు మాత్రం తెల్లారేసరికి అద్దాల మీద, బానెట్ మీద సన్నగా పేరుకుని ఉంటుంది. బోరు నీళ్లు పనికిరావు, అవీ ఉప్పే. తాగడానికి కొన్న క్యాను నీళ్లు ఒక చెంబుడు పట్టి, మెత్తటి గుడ్డ తడిపి తుడవాలి. ఆ గుడ్డ కోసం నా పాత కాటన్ చీర ఒకటి చించాను. "నీ చెయ్యి పడితేనే ఆ మెరుపొస్తది మే," అంటాడు మా ఆయన పెంచలకృష్ణ, అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చుని. వినడానికి పొగడ్తే. కానీ ఈ ఇంట్లో ఎవరైనా నా చేతిని పొగిడితే ఆ పని ఇక నాకే రాసిపెట్టినట్టని, కొత్త కోడలిగా నేను పెట్టిన చేపల పులుసును మా అత్త చెంచమ్మ మెచ్చుకున్న రోజే నాకు అర్థమైంది.

అనుమానించడం నా ఉద్యోగం. బోగోలు తీరం వెంట ఉన్న ఒక రొయ్యపిల్లల హేచరీలో ల్యాబు చూస్తాను. పిల్లలు ట్యాంకులో ఎంత హుషారుగా ఈదుతున్నా నేను నమ్మను. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాను. తర్వాత కొన్నిటిని తీసి మంచినీళ్లలో వేస్తాను. అలవాటైన ఉప్పునీళ్లలో ప్రతి పిల్లా బాగానే కనిపిస్తుంది. నీళ్లు మారినప్పుడు ఏది ఈదుతుందో, ఏది వెల్లకిలా పడుతుందో చూశాకే రైతుకు ఇవ్వమంటాను. మా ఆయనకు ఇదంతా నవ్వులాట. "ఇంట్లో కూడా బూతద్దం పెట్టుకోని తిరగతా ఉంటాది, అనుమానప్పక్షి," అని వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాడు. వాళ్లు నవ్వుతారు. నేను వాళ్లకి కాఫీ తెస్తాను.

కారు రాకముందు షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. మోకాళ్లకు మోకాళ్లు తగిలేవి. ఎవరిదో చేపల గంపలోంచి కారిన నీళ్లతో కుచ్చిళ్లు తడిసేవి. కానీ పక్కన రోజారమణి ఉండేది. ల్యాబులో నాకు సాయంగా పనిచేస్తుంది. ఏ ట్యాంకులో పిల్ల చచ్చింది, ఎవరు మానేస్తున్నారు, ఎవరికి ఏ పోస్టు వస్తోంది, అన్నీ ఆ ఆటోలోనే తెలిసేవి. కారొచ్చాక మా ఆయన రోజూ హేచరీ గేటు దాకా తీసుకెళ్లి దింపుతాడు, సాయంత్రం గేటు దగ్గరే ఎక్కించుకుంటాడు. అబద్ధం ఎందుకు, మొదట్లో నాకు చాలా సుఖంగా ఉండింది. నడుం నొప్పి తగ్గింది, చీర నలగలేదు. "పెట్టి పుట్టినావు మే వినీలా. మా ఆయన మోటారు సైకిలెక్కించుకోమంటేనే పెట్రోలు దండగంటాడు," అని ఎదురింటావిడ అంటే లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఆ ఏసీ చల్లదనానికి ఎంత తొందరగా అలవాటు పడ్డానంటే, ఊళ్లో సంగతులేవీ నా చెవిన పడడం లేదన్నది కూడా చాన్నాళ్లకు గానీ గమనించలేదు.

మా మేనేజరు చంద్రమౌళిగారికి ఆ కారంటే మహా ముచ్చట. మేము వచ్చే వేళకి గేటు దగ్గరే ఉంటారు. చుట్టూ తిరిగి చూస్తారు, బానెట్ మీద చెయ్యేస్తారు, వెనక కెమెరా పనిచేయించి చూపించమంటారు. నేను క్యారియర్ పట్టుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. వాళ్లిద్దరూ ఇంకా అక్కడే మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. మగవాళ్లు కారు దగ్గర నిలబడి కారు గురించే మాట్లాడతారని నేను నమ్మాను. అనుమానప్పక్షినని పేరు పడ్డ నేను, ఆ ఒక్కచోట అనుమానపడలేదు.

వేసవి మొదట్లో చంద్రమౌళిగారే నన్ను పిలిచి చెప్పారు. వాకాడు వైపు కంపెనీ కొత్త ల్యాబు పెడుతోంది, ఇన్‌ఛార్జిగా నా పేరు పంపించానని. అక్కడే క్వార్టర్స్, ఆదివారం ఆదివారం ఇంటికి రావచ్చు. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఉండేది ఆయనా, మా అత్తా. ఇద్దరూ కాళ్లూ చేతులూ ఆడుతున్నవాళ్లే. నేను పని నేర్పిన కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు నాకు పై అధికారులై వెళ్లిపోతుంటే, వాళ్లకి వీడ్కోలు పార్టీలో కేకు కోసి పంచింది నేనే. ఈసారి నేను వెళ్తాను. ఆ మాట తలుచుకుంటే నాకు పెళ్లికి కూడా కలగని సంతోషం కలిగింది. ఆ సాయంత్రం కార్లో మా ఆయనకి చెప్పాను. రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "చూద్దాంలే," అన్నాడు.

ఆ తర్వాత అంతా నెమ్మదైపోయింది. చంద్రమౌళిగారు వాకాడు ఊసెత్తడం మానేశారు. నిరుడు చేరిన కిషోర్ బాబు, "మేడమ్, ఈ పరీక్ష ఎట్టా చేస్తారు, ఆ రిపోర్టు ఎట్టా రాస్తారు," అంటూ నా వెనకే తిరగడం మొదలుపెట్టాడు. రోజారమణి మధ్యాహ్నం అన్నానికి వేరే బల్ల దగ్గర కూర్చుంటోంది. పలకరిస్తే పొడి పొడిగా జవాబిస్తోంది. ఇంట్లో మాత్రం ఎండాకాలంలో వాన కురిసింది. ఒకరోజు మా ఆయన మల్లెపూలు తెచ్చాడు. ఒకరోజు భోంచేసి లేచి, తన కంచం తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు. పెళ్లైన ఇన్నేళ్లలో జరగనిది. ఆ కంచం నా మనసుకు శాంతి లేకుండా చేసింది. వేరే ఆడమనిషి ఎవరైనా ఉందా అని కారు తుడుస్తూ సీట్ల కింద కూడా వెతికాను. వేరుశనగ తొక్కలు దొరికాయి.

నిన్న ఆదివారం, కావలిలో సినిమాకి పోదామన్నాడు. ముగ్గురం కలిసి పోయేటప్పుడు కార్లో ముందు సీటు మా అత్తదే. వెనక కూర్చుంటే ఆమెకు కళ్లు తిరుగుతాయి. నిన్న ఆమె తనంతట తనే ఇంట్లో ఉండిపోయింది. "పోయిరా మే. ఇంటి పట్టున ఉండే ఆడదానికే ఈ యోగాలన్నీ," అంది. రోజూ డ్యూటీకి పోయే నన్ను పట్టుకుని ఇంటి పట్టున ఉండేదంటోందేమిటని ఆ మాటను లోపల నమలుకుంటూనే ముందు సీట్లో కూర్చున్నాను.

సినిమా మీద నాకు ఆశ ఉండింది. పోస్టర్లో హీరోయిన్ తెల్లకోటు వేసుకుని ఉంది, సైంటిస్టు అన్నారు. తీరా చూస్తే మైక్రోస్కోపుకి కన్ను ఆనించకుండానే ఏదో కనిపెట్టేసి పాటలోకి వెళ్లిపోయింది. హీరో కారు దుమ్ము లేపుకుంటూ వస్తే హాలంతా ఈలలు. మా ఆయన మాత్రం, "అది టాప్ మోడల్," అని నా చెవిలో చెప్పాడు.

ఇంటర్వెల్లో పాప్‌కార్న్ దగ్గర రోజారమణి కనిపించింది, పిల్లలతో. చూసీ చూడనట్టు పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"నా మీద కోపమేంది రోజా? నేనేం చేసినాను?"

ఆమె ముఖం ఎర్రబడింది. "వాకాడుకి నీతో పాటు నేనూ వస్తానని పేరిచ్చుకున్నా గదక్కా. మా ఇంట్లో ఎంత బతిమాలుకుని ఒప్పించినానో నీకు తెలీదా? నువ్వు రానని మాట మాత్రం చెప్పకుండా తప్పుకున్నావు. ఇప్పుడు ఆ పోస్టు కిషోర్ బాబుకి ఇస్తా ఉండారు. ఆయన కింద పనిచేసేదానికి నన్ను పంపరంట మా ఇంట్లో."

"నేను రానన్నానని ఎవరు చెప్పినారు?"

"మేనేజరు సారే. మీ ఆయన గేటు కాడ చెప్పినాడంట గదా. ఆమెకి ఓపిక లేదు, వద్దనుకుంటా ఉండాదని." నా ముఖం చూసి ఆగిపోయింది. "నీకు తెలీదా అక్కా?"

బెల్లు కొట్టారు. నేను లోపలికి వెళ్లి మా ఆయన పక్కన కూర్చున్నాను. తెర మీద హీరో, హీరోయిన్‌కి చెప్పకుండా ఆమె విదేశీ ఉద్యోగం వద్దని రాసి పంపేసి, ఆమె కోసం ఇల్లు కట్టించి తాళాలు చేతిలో పెట్టాడు. ఆమె ఆనందంతో ఏడ్చి, "నా గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు," అంది. హాలు చప్పట్లతో మోగిపోయింది. మా ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. ఒళ్లు మండిపోయింది నాకు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి మరీ నా బతుకు చూడాల్సి వచ్చింది.

బయటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. హైవే ఎక్కాక మా ఆయన అడిగాడు.

"ఎట్టుండాది సినిమా?"

"బాలేదు."

"ఏం బాలేదు? ఆఖర్లో జనమంతా ఏడస్తా ఉంటే."

"ఆ పిల్లకేం కావాలో ఒక్కరూ అడగలా." ఆయన వైపు తిరిగాను. "నాకు వాకాడు వద్దని చంద్రమౌళిగారికి మీరెందుకు చెప్పినారు?"

కాదంటాడనుకున్నాను. అనలేదు. స్టీరింగ్ మీద వేళ్లు కదిపాడు, అంతే.

"అడిగినాడు, చెప్పినా. ఎందుకు మే నీకా తిప్పలు? ఆడ ఒక్కదానివే క్వార్టర్సులో, దోమలు, ఉప్పునీళ్లు. ఈడ నీకేం తక్కువైంది? నీ సుఖం కోసరమే గదా ఈ కారు కొన్నది."

"నన్నొక మాట అడగొచ్చు గదా."

"అడిగితే పోతానంటావు."

అంత మామూలుగా అన్నాడు ఆ మాట. ఇన్నేళ్లుగా నా మనసు ఆయనకి తెలియదని, తెలిస్తే ఇలా చెయ్యడని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. పుట్టింటికి పోవద్దన్నప్పుడు, పరీక్షలు రాయొద్దన్నప్పుడు, పాపం తెలియక అన్నాడనుకున్నాను. ఆయనకి తెలుసు. నా జవాబు నాకంటే ముందే తెలుసు. తెలిసే అడగలేదు. పొద్దున కాఫీ, స్నానానికి వేడినీళ్లు, ఇస్త్రీ చొక్కా, సాయంత్రం వేళకి దీపం పెట్టిన ఇల్లు, వీటన్నిటికీ నా సుఖమని పేరు పెట్టుకుని మల్లెపూలు తెచ్చాడు.

నేను ఏడవలేదు. ఫోన్ తీసి చంద్రమౌళిగారి నంబరు నొక్కాను. కార్లో ఉంటే నా ఫోను రింగు కూడా కారు స్పీకర్లలోనే మోగుతుంది. ఆ ఏర్పాటు చేసింది మా ఆయనే. రింగు కారంతా నిండింది. ఆయన ఒకసారి నా వైపు చూసి మళ్లీ రోడ్డు వైపు చూశాడు.

"చెప్పమ్మా వినీలా," అన్నారు చంద్రమౌళిగారు, మా ఇద్దరి మధ్యా కూర్చుని మాట్లాడుతున్నట్టు.

"సార్, వాకాడుకి నేను పోతాను. వద్దని నేను చెప్పలేదు."

"అదేందమ్మా, మీ ఆయనే గదా చెప్పింది. రేపు కిషోర్ బాబుకి ఖాయం చేస్తా ఉండాం."

"రేపు గదా సార్. ఇంకా చెయ్యలేదు గదా. నాతో పాటు రోజారమణి కూడా వస్తాది."

"అది కాదమ్మా. రేపు మళ్లీ మీ ఇంట్లో గొడవైతే ఆ మాట మా మీదికొస్తాది. ఆయన పక్కన ఉండాడా? ఒక్కసారి ఆయనకియ్యి."

మా ఆయన గొంతు సవరించుకుని ముందుకు వంగాడు. నేను ఆయన భుజం మీద చెయ్యేసి, మెల్లగా సీటుకి ఆనించాను.

"ఆయన బండి తోలతా ఉండారు సార్. నాతో చెప్పండి."