బెంచీ మీద పదకొండు రోజులు

"ఒక్కటి చెప్పు. నువ్వు లేకపోతే జరిగేది కాదు అనుకునే పని, ఒకే ఒక్కటి," అంది అక్క ఫోన్లో.

శనివారం మధ్యాహ్నం. ఫోను స్పీకర్‌లో పెట్టి, మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మా ఆయన బనియన్లు ఒక దొంతర, పాప గౌన్లు ఒక దొంతర, అత్తయ్య దుప్పట్లు ఒక దొంతర. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మా కన్సల్టింగ్ కంపెనీలో నాకంటే ఎనిమిదేళ్ళు సీనియర్. ఇప్పుడు ఉద్యోగం మానేసి, బిజినెస్ స్కూళ్ళకి దరఖాస్తు పెట్టుకునేవాళ్ళకి దారి చూపిస్తోంది. పోయినేడు నేను పెట్టిన దరఖాస్తుకి కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు. రెండుసార్లకి మించి అవకాశం ఇవ్వరు. ఉద్యోగం మానకుండా శనాదివారాలు చదువుకునే కోర్సు అందుబాటులో ఉన్నది ఆ ఒక్క కాలేజీలోనే. అంటే ఇదే ఆఖరిసారి.

"మొన్న మేం ఒక సిమెంటు కంపెనీకి..."

"మేం అంటే ఎవరు?"

"మా టీమ్."

"మేకలాగా మే మే అంటావేంటే. నువ్వేం చేశావు?"

మా వృత్తిలో 'నేను' అన్న మాట నోట రాకూడదు. క్లయింటు ముందు మేం, రిపోర్టులో మేం, తప్పు జరిగినప్పుడు మాత్రం ఎవరో ఒకరి పేరు బయటికొస్తుంది. అసలు నేను చేసే పనేమిటో మా అత్తయ్యకు పదేళ్ళుగా అంతుపట్టలేదు. "వాళ్ళ కంపెనీ సంగతి వాళ్ళకే తెలీదా, నువ్వెళ్ళి చెప్పేదేంటి?" అంటుంది. అదే పని కొడుకు చేస్తే, "మావాడు పెద్ద పెద్ద కంపెనీలను గాడిన పెడతాడు," అని పక్కింటావిడకి చెబుతుంది. ఇద్దరం ఒకే కంపెనీలో చేస్తున్నాం.

"ఆరేళ్ళ కిందట ఒక ఆసుపత్రి పని చేశాను అక్కా," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నోరు జారింది.

ఆ ఆసుపత్రికి వచ్చే రోగులు నాలుగేసి గంటలు ఎదురుచూస్తున్నారు. ఇంకెంతమంది డాక్టర్లు కావాలో లెక్కకట్టమని మమ్మల్ని పిలిచారు. మా టీమ్ మీటింగ్ రూములో కూర్చుని లెక్కలు కడుతుంటే, నేను వెళ్ళి రోగుల బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు నాకు ఐదో నెల. కడుపు చూసి అందరూ నన్నూ రోగినే అనుకున్నారు, ఒక ముసలావిడ జరిగి చోటిచ్చింది. పదకొండు రోజులు కూర్చున్నాను. తొమ్మిదో రోజుకి తెలిసింది, పొద్దున పదకొండు దాకా డాక్టర్లు ఖాళీగానే ఉంటున్నారని. ఎనిమిదిన్నరకే రక్తపరీక్షలు అయిపోతాయి. కానీ ప్రింటరు పై అంతస్తులో ఉంది. రిపోర్టులన్నీ కట్టగట్టి పదకొండింటికి ఒక్కసారే కిందికి తెస్తారు. రిపోర్టు చూడకుండా డాక్టరు ఏం చెబుతాడు? ఒక ప్రింటరు తెచ్చి కింద కిటికీ పక్కన పెట్టించాను. నాలుగు గంటలు గంటన్నర అయింది. ఒక్క డాక్టరు కూడా అదనంగా అక్కర్లేకపోయింది.

అక్క చివరిదాకా వింది. తర్వాత, "ఇన్నాళ్ళూ దీన్నెక్కడ దాచావే? ఇంతకంటే ఏం కావాలి వాళ్ళకి? రేపే రాసి పంపు," అంది.

సరే అక్కా అని ఫోను పెట్టేశాను. పాప మేజోడు ఒకటి చేతిలో ఉంది, రెండోది ఎదురుగానే ఉంది, అయినా జత కలపలేకపోతున్నాను. ఎందుకంటే ఆ కథ ఆ కాలేజీలో ఇప్పటికే ఉంది. ప్రింటరు, కిటికీ, జరిగి చోటిచ్చిన ముసలావిడ, అన్నీ ఉన్నాయి. 'నేను' అనే ఉంది. ఆ 'నేను' మా ఆయన.

రాసింది నేనే. మా ఆయన అదే కాలేజీకి దరఖాస్తు పెట్టేటప్పుడు, పాప పుట్టిన నాలుగో నెలలో, ఒళ్ళో పాలు తాగుతుంటే ఒంటిచేత్తో టైపు చేశాను. "రాయడం నీకు వెన్నతో పెట్టిన విద్య. రెండు పేజీలు రాసిపెట్టు, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు మా ఆయన. ఏ పని గురించి రాయాలంటే, "ఆసుపత్రిది పెడదాం. చివర్లో ప్రెజెంట్ చేసింది నేనేగా," అన్నాడు. అది నిజమే. ఆఖరి వారం డాక్టరమ్మ నన్ను పడుకోమంటే, నా స్లైడ్లు పట్టుకుని అతను వెళ్ళి నలభై నిమిషాలు మాట్లాడి వచ్చాడు. "మనలో నీదీ నాదీ ఏంటి?" అన్నాడు. నిజం చెప్పాలంటే నేను పొంగిపోయాను కూడా. నా పని అంత గొప్పదన్నమాట అనుకున్నాను. అక్కడితో ఆగలేదు. కాలేజీవాళ్ళు ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగుతారని తెలిసి, అక్కడి హెడ్ సిస్టరుకి ముందే ఫోన్ చేశాను. "బెంచీ మీద కూర్చున్నది నువ్వు కదమ్మా?" అందావిడ. "ఇద్దరం ఒకటే కదా సిస్టర్," అని నవ్వాను. ఆవిడ అవునని చెప్పింది. మా ఆయనకి సీటొచ్చింది. రెండేళ్ళు చదివి, రెండు మెట్లు పైకెక్కి, మా కంపెనీకే తిరిగొచ్చాడు. నేను అదే మెట్టు మీద ఉన్నాను.

ఆ సాయంత్రం మా ఆయన వంటింట్లో స్టూలు మీద కూర్చుని పాపకి నారింజ వలుస్తుంటే చెప్పాను. గిన్నెలు తోముతూ, అటు తిరిగే చెప్పాను. మా ఆయనకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. పెళ్ళైన కొత్తలో అదొక మంచి గుణమనుకున్నాను. ఇప్పుడా గొంతు తగ్గితే నాకు భయం.

"వేరేది రాసుకో," అన్నాడు.

"వేరేది లేదు."

"పదేళ్ళ ఉద్యోగంలో ఒక్కటే పని చేశావా?"

పాప పుట్టాక ప్రయాణాలున్న పనులు వద్దని ఆఫీసులో అడిగింది నేనే. అడగమన్నది ఇంట్లోవాళ్ళు. అప్పట్నించీ వేరేవాళ్ళు తిరిగొచ్చి చెప్పినవాటికి స్లైడ్లు చేస్తున్నాను. రంగులు బాగా కలుపుతానని మంచి పేరుంది.

"రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు. గొంతు ఇంకా తగ్గింది. "నా డిగ్రీ వెనక్కి తీసుకుంటారు. రెండు నెలల్లో నన్ను పార్టనర్ చెయ్యబోతున్నారు, అది పోతుంది. అదైనా, నన్ను అనుమానిస్తే. నిన్నే అనుమానిస్తారు. మొగుడి దరఖాస్తు చూసి కాపీ కొట్టిందంటారు. కాదని చెప్పడానికి నీ దగ్గరేం ఉంది? నేనేం బెదిరించట్లేదు. ఆలోచించుకోమంటున్నా." తొన విడదీసి పాప నోట్లో పెట్టాడు. నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నాను.

తర్వాతి వారమంతా భయం నాతోనే లేచింది, నాతోనే బస్సెక్కింది. ఆఫీసులో ఎవరు పేరు పెట్టి పిలిచినా ఉలిక్కిపడ్డాను. ఇంట్లో లిఫ్టు ఆగిన చప్పుడైతే చాలు, చూస్తున్న పేజీ మూసేశాను. మాకు వృత్తి నేర్పిన అలవాటొకటుంది, ఏ సమస్యనైనా ఇలా చేస్తే ఏమవుతుంది, అలా చేస్తే ఏమవుతుందని గీతలు గీసి చూడటం. గీశాను. ఒక గీత చివర మా ఆయన ఉద్యోగం పోయింది. ఇంకో గీత చివర నేను దొంగనయ్యాను. ఇంకో గీత చివర ఏమీ జరగలేదు, నేను అరవయ్యేళ్ళ దాకా రంగులు కలుపుతూ కూర్చున్నాను. అన్నింటికంటే ఆ మూడో గీతకే ఎక్కువ భయమేసింది. మా అత్తయ్య నా మొహం చూసి, "ఇద్దరూ చదువులంటూ కూర్చుంటే ఇల్లెవరు చూస్తారని ఊరికే అన్నానా?" అంది. ఆవిడకి అసలు సంగతి తెలీదు. తెలిస్తే ఎవరివైపు ఉంటుందో నాకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం మా ఆయన రెండు పేజీలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీకోసం నేనే రాశా. నువ్వు నాకు రాసిపెట్టలేదూ?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, ప్రేమగా ఉంది. చదివాను. భర్త చదువుకునే రెండేళ్ళూ ఉద్యోగాన్నీ, పసిబిడ్డనీ, అత్తగారి మోకాలి ఆపరేషన్‌నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి గురించి ఉంది. నాయకత్వం అంటే ముందు నిలబడటం కాదు, నిలబడేవాళ్ళ వెనక ఉండటం అని ఉంది. మీరు చేసిన ఒక తప్పు గురించి రాయండి అన్న రెండో ప్రశ్న కింద, అన్ని పనులూ నేనే మీద వేసుకోవడం నా తప్పు అని ఉంది. బాగా రాశాడు. చదువుతూ చదువుతూ నేనూ నమ్మేశాను, కళ్ళు చెమర్చాయి కూడా. అప్పుడు నిజంగా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకో పేజీ ఉండి ఉంటే, బెంచీ మీద కూర్చున్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చేది.

ఆ పేజీలు అక్కకి పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "ఎవరో మంచి ఇల్లాలికి సన్మానపత్రంలా ఉంది. ఇందులో నువ్వెక్కడ? ఆ తప్పు కూడా తప్పు కాదే, మొహమాటం. చెప్పుకోవడానికి సిగ్గేసేది రాస్తేనే చదువుతారు," అంది. అప్పుడిక ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేశాను. ఎప్పుడూ మాట తడుముకోని మనిషి, ఈసారి తడుముకుంది. చివరికి, "ఇది దరఖాస్తు సంగతి కాదు. దీనికి నేను సలహా చెప్పలేను. ఏం చేసినా నాకు ఫోన్ మాత్రం చెయ్యి," అంది.

తర్వాత హెడ్ సిస్టరుకి ఫోన్ చేశాను. రిటైరైపోయిందట. గొంతు వినగానే, "బెంచీ అమ్మాయివేగా?" అంది. విషయం చెప్పాను, మళ్ళీ కాలేజీవాళ్ళు అడుగుతారేమోనని. ఆవిడ నిదానంగా, "ఈసారి నిజం చెప్పమంటావా, అబద్ధం చెప్పమంటావా? ముందే చెప్పు తల్లీ. పోయినసారి నువ్వు నవ్వుతూ అడిగావని నేనూ నవ్వుతూ చెప్పేశా. తర్వాత చాలా రోజులు నిద్ర పట్టలేదు," అంది.

"నిజమే చెప్పండి సిస్టర్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం పన్నెండింటికి గడువు. మా ఆయన హాల్లో పాప సైకిలుకి గాలి కొడుతున్నాడు. అత్తయ్య కుర్చీలో కూర్చుని చూస్తోంది. మొదటి ప్రశ్న కింద బెంచీ గురించి రాశాను. ఐదేళ్ళ కిందట రాసిన వాక్యాలు ఒకదాని వెంట ఒకటి అవే వచ్చాయి, నా వాక్యాలేగా మరి. అవి మార్చలేదు. రెండో ప్రశ్న కింద మా ఆయన రాసిందంతా కొట్టేసి, ఇలా రాశాను: "పై పేజీలో ఉన్న పని నేను చేశాను. అది నా భర్త చేశాడని మీకు రాసింది నేనే. అవునని చెప్పమని సాక్షిని అడిగింది కూడా నేనే." కింద అతని పేరూ, అక్కడ చదివిన సంవత్సరమూ రాశాను. అతన్ని వెనకేసుకురాలేదు, అతని మీదికి తోసెయ్యనూ లేదు. నాకు సీటు రాకపోవచ్చు. అబద్ధాలు రాసే మనిషిని ఎవరు మాత్రం రమ్మంటారు? అయినా ఆ మూడు వాక్యాల్లో ఒక్కదాన్నీ కొట్టెయ్యాలనిపించలేదు.

హాల్లోంచి మా ఆయన, "అయిందా?" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"అయింది. రా, కూర్చో, చదివి వినిపిస్తా," అన్నాను. అప్పటికే పంపేశాను. ముందు పిలిచి ఉంటే పంపేదాన్ని కాదు.