సగం చదివిన మెసేజీ

ఆ ఏడంతస్తుల ఆఫీసుకి నాలుగొందల పన్నెండు కిటికీలు. అద్దాలమ్మకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు, తుడిచి తుడిచి ఆవిడకే తెలిసింది. సోమవారం పై అంతస్తులో మొదలుపెడితే శనివారానికి కింద తేలుతుంది. ఈలోపు పైవి మళ్ళీ మాసిపోతాయి. ఏం ఉద్యోగంరా బాబూ అనిపిస్తుంది మనకి. ఆవిడకి మాత్రం ఇష్టం. సబ్బునీళ్ళు పులమడం, రబ్బరు బద్దతో పైనుంచి కిందకి ఒక్క లాగు లాగడం, అంచున మిగిలిన చుక్కని గుడ్డతో అద్దడం. అద్దం మీద మరక కనిపిస్తే ఆ చెయ్యి ఆగదు. మొగుడి కళ్ళజోడు ఆయన ముక్కు మీద ఉండగానే తుడిచేస్తుంది. "అబ్బ, పేపరు చదువుతున్నానే తల్లీ!" అని ఆయన రోజూ మొత్తుకుంటాడు. బస్సెక్కితే తన కిటికీయే కాదు, ముందు సీటువాళ్ళది కూడా తుడిచి మరీ దిగుతుంది.

ఆ గురువారం పదకొండింటికి మూడో అంతస్తు బయట, తాళ్ళకి వేలాడే బల్ల మీద నిలబడి ఉండగా జేబులో ఫోను గుయ్‌మంది. పని మీద ఉన్నప్పుడు ఫోను తియ్యకూడదు. అది రూలు. తీసింది. తెలియని నంబరు. మెసేజీలో మొదటి ముక్క మాత్రమే కనబడుతోంది.

"చెల్లాయ్, ఇవాళ మూడింటికి"

ఈ లోకంలో ఆవిణ్ణి చెల్లాయ్ అని పిలిచే మనిషి ఒక్కతే. ఆ మనిషి పిలిచి ఆరేళ్ళయింది. గుండె గుభేల్‌మంది, చేతినిండా సబ్బు, ఇంకేముంది? ఫోను జారి మూడంతస్తులూ దిగి మెట్ల మీద బోర్లా పడింది. కింద మనుషులెవరూ లేకపోవడం ఒక్కటే ఆ పూట జరిగిన మంచి.

కిందకి దిగి చూస్తే తెర నిండా పగుళ్ళు. లోపల నల్లటి చీకటి. ఆవిడ మేస్త్రీకి "గంటలో వచ్చేస్తాను బాబాయ్" అని చెప్పి, ఆయన సరే అనేలోపే రోడ్డెక్కింది.

ఫోన్లు బాగుచేసే ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ రిపేరు పిన్ని అంటారు. ఆవిడ కన్నా పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే అంటారు. ముడిలో స్క్రూడ్రైవరు, నుదుటి మీదకి తోసుకున్న భూతద్దం, నోట్లో ఎప్పుడూ ఒక మాట తక్కువ.

"పిన్నీ, ఫొటోలు పోతే పోనీ, నంబర్లు పోతే పోనీ. ఇందాక వచ్చిన ఒక్క మెసేజీ కావాలి నాకు. మూడింటిలోగా కావాలి."

"ముందు కూర్చో."

"కూర్చోలేను."

"అయితే నించో. వెలుతురుకి అడ్డం రాకు."

"పోనీ ఈ సిమ్ము తీసి ఇంకో ఫోన్లో వేస్తే?"

"వచ్చేవి వస్తాయి. వచ్చేసినవి రావు. అవి ఫోన్లోనే ఉంటాయి."

పిన్ని ఫోను వీపుకి వేడిగాలి పట్టి, సన్నటి రేకుతో చుట్టూ కోసి, మూత లేపింది. పగిలిన తెర తాలూకు రిబ్బనులాంటి తీగ ఊడదీసి, సొరుగులోంచి ఇంకో తెర తీసి తగిలించింది. అది ఈ ఫోనుది కాదు, పని జరిగేదాకా అరువు. ఈలోపు అద్దాలమ్మ కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ బల్లకీ మధ్య తిరిగింది. గోడ గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది.

తెర వెలిగింది. "మొహమే పగిలింది, లోపల ప్రాణం గట్టిదే" అంది పిన్ని. "లాకు తియ్యి."

తీసింది. ఫొటోలున్నాయి. నంబర్లున్నాయి. మెసేజీల్లో చివరిది నిన్న సాయంత్రం నీళ్ళ ట్యాంకరువాడు పంపింది. ఇవాళ్టిది లేదు. కిందకీ పైకీ నాలుగుసార్లు జరిపి చూసింది. లేదంటే లేదు.

"ఎంతవరకు చదివావు?"

"మూడింటికి దాకా."

"అనుకున్నా" అంది పిన్ని, భూతద్దం నుదుటి మీదకి తోసుకుంటూ. "పూర్తిగా చదివినవి కదలవు. అసలు చదవనివీ కదలవు. సగం చదివినవాటికే కాలు నిలవదు. పగులు కనిపించగానే బయటికి దూకేస్తాయి."

ఇదేమీ కొత్త సంగతి కాదు, ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పోయిన నెల చెప్పుల షాపాయన ఫోను పగిలితే, ఆయన బావమరిది రాసిన తిట్లు రెండ్రోజులపాటు బేకరీ అద్దాల పెట్టెలో తిరిగాయి. బేకరీవాళ్ళు వాటికి బన్నులు అడ్డం పెట్టి బేరం చేసుకున్నారు.

"దూరం పోయుండదులే. సగం నీ కళ్ళలో ఉంది కదా, మిగతా సగం నీ వెనకాలే వచ్చుంటుంది. ఈ వీధిలోనే ఏదో అద్దంలో నక్కి ఉంటుంది" అని పిన్ని గుమ్మంలోకి వెళ్ళి గొంతు చించుకుంది. "అద్దాలు కప్పండర్రా!"

చూడాలి మరి ఆ సందడి! మంగలి సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి అద్దం మీద టవలు కప్పాడు. కళ్ళజోళ్ళ షాపువాళ్ళు అరలన్నిటికీ దుప్పటి వేసేశారు. టీ కొట్టాయన గ్లాసుల మీద బుట్ట బోర్లించాడు. దారినపోయేవాళ్ళు కళ్ళజోళ్ళు తీసి జేబుల్లో పెట్టుకుని, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ నడిచారు. వీధి మొత్తంలో కప్పకుండా వదిలింది ఒకే ఒక్క అద్దం, పిన్ని షాపు ముందుది. దానికి ఇంక వేరే దారి ఉండకూడదు, అదీ ఎత్తు.

"ఇప్పుడు ఆగాలి" అంది పిన్ని. "తొందరపెడితే రాదు. ఎవరు రాసింది?"

"మా అక్క."

"ఇంటికెళ్ళి అడగొచ్చుగా?"

"నంబరు మెసేజీతోనే పోయింది. ఇల్లు మారిందని విన్నాను. ఎక్కడికో అడగలేదు. అడిగే మొహం లేదు పిన్నీ."

ఆగడం చేతకాని మనిషికి నోరన్నా ఆడుతుండాలి. అద్దాలమ్మ చెప్పేసింది. ఇద్దరూ ఒకే బల్ల మీద పని చేసేవాళ్ళు. ఆ పనిలో, పడిపోకుండా తాడుకి తగిలించే నడుం కొక్కెం ఎవరిది వాళ్ళు వేసుకోకూడదు, పక్క మనిషి వెయ్యాలి. సొంత నడుం అయితే 'ఆ, సరిపోతుందిలే' అనుకుంటారని ఆ పద్ధతి. ఆ రోజు ఏదో జోకుకి పడి పడి నవ్వుతూ అక్కకి కొక్కెం వేసింది చెల్లెలు. బిగుసుకుంటే టక్కుమనాలి, ఆ చప్పుడు వినలేదు. మొదటి అంతస్తు దగ్గర బల్ల ఒరిగింది. చెల్లెలు తాడుకి వేలాడింది. అక్క కింద పడింది.

"తుంటి విరిగింది. కర్ర లేకుండా నడవలేదు. ఒక్క మాట అనలేదు నన్ను. అని ఉంటే బాగుండేది. ఆస్పత్రికి రెండుసార్లు వెళ్ళాను, మూడోసారి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. ఇంక అంతే. అప్పట్నుంచి ఎవరికీ కొక్కెం వెయ్యను, మా మేస్త్రీ చేత వేయిస్తాను."

పిన్ని వేలితో చూపించింది. అద్దం కింది మూల నుంచి నల్లగా, తడితడిగా అక్షరాలు పాకుతూ వస్తున్నాయి. వీధంతా ఊపిరి బిగబట్టింది. సగం గడ్డం మనిషి కూడా కుర్చీలోంచి లేచి చూస్తున్నాడు. చెల్లాయ్. తర్వాత కాస్త ఎడం. ఇవాళ మూడింటికి. తర్వాత వంకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, నా కాలికి ఆప...

అద్దం మీద మరకలు. అంత తళతళలాడే అద్దం మీద అడ్డదిడ్డంగా నల్ల మరకలు.

ఆవిడ చెయ్యి ఆవిణ్ణి అడగలేదు. నడుముకి దోపుకున్న గుడ్డ తీసి, పైనుంచి కిందకి ఒక్క లాగు లాగింది.

"అయ్యో అయ్యో అయ్యో!" అని వీధి వీధంతా గగ్గోలు పెట్టింది. మంగలి తల బాదుకున్నాడు.

"ఏం మనిషివమ్మా నువ్వు!" పిన్ని అరిచింది. అక్షరాలు బెదిరి చెల్లాచెదురై, సరిగ్గా అప్పుడే వెళ్తున్న బస్సు కిటికీల్లోకి దూకాయి. "బెదిరిన మెసేజీ రాసినవాళ్ళ దగ్గరికే పోతుంది. నిలబడి చూస్తావేం? పరిగెత్తు!"

పరిగెత్తింది. కదులుతున్న బస్సుని మలుపులో పట్టుకుంది. ఎక్కాక రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది, వాటి మీద ఇంక నమ్మకం లేదు.

"ఎవరిదండీ ఈ మెసేజీ, నా కిటికీలో తిరుగుతోంది?" అన్నాడొకాయన.

"నాదే బాబూ. కాస్త తల పక్కకి పెడతారా?"

ఆయన పక్కకి జరిగాడు. 'సంతకం' అనే మాట కనబడి వెనక సీటు వైపు పోయింది. అక్కడ కూర్చున్న ముసలావిడ "ఇదిగోనమ్మా ఇక్కడుంది, ఏదో రావాలట అని రాసుంది" అని చదివి చెప్పింది. ఏం రావాలి? ఎవరు రావాలి? తెలిసేలోపు బస్సు సిగ్నలు దగ్గర ఆగింది, అది పక్క కారు అద్దంలోకి దూకింది. ఆవిడా దూకింది. కారు, మందుల షాపు తలుపు, సైకిలు మీద కట్టుకెళ్తున్న నిలువుటద్దం. ఒక గల్లీలో పూర్తిగా పోగొట్టుకుని, అరగంట పైగా అటూ ఇటూ తిరిగి, చివరికి ఒక అంబులెన్సు కిటికీలో మళ్ళీ పట్టుకుంది. రొప్పుతోంది, చెమటలు కారుతున్నాయి, కాళ్ళు పీకుతున్నాయి. నా కాలికి ఆప అంటే ఏమిటో ఆ అంబులెన్సు మీద ఆస్పత్రి పేరు చూశాకే తలకెక్కింది. అదెక్కడికి పోతుందో కూడా అర్థమైంది. ఇంక దాన్ని చూడకుండానే పరిగెత్తింది.

ఆస్పత్రి గేటు దగ్గర కాపలా ఆయన అడక్కుండానే చెప్పాడు. "మెసేజీ వెనకాల వచ్చారా? ఇప్పుడే లిఫ్టు అద్దంలో పైకి పోయిందండీ. రెండో అంతస్తు."

టైము రెండూ నలభై.

రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద అక్క కూర్చుని ఉంది. ఆపరేషన్ గౌను ఒంటి మీదే ఉంది కానీ కాళ్ళు కిందకి వేలాడేసి, చేతికర్ర అందుకుంటోంది. జుట్టు సగం నెరిసింది. అక్క తల వెనక కిటికీలో మెసేజీ మొత్తం వచ్చి నిలబడింది. ఇప్పుడది కదలడం లేదు. చెల్లెలు ఒక్కో మాటా చదివింది.

"చెల్లాయ్, ఇవాళ మూడింటికి నా కాలికి ఆపరేషన్. సంతకం పెట్టడానికి మనవాళ్ళెవరైనా రావాలట. పక్కింటావిడ వస్తానంది, నేనే వద్దన్నాను. రెండున్నర దాకా చూస్తాను. రాకపోతే చేయించుకోను. నిన్ను మళ్ళీ ఇబ్బంది పెట్టను కూడా."

"ఎటు చూస్తున్నావే? నేను ఇక్కడున్నాను" అంది అక్క.

"ఇప్పుడే చదివానక్కా. ఇప్పుడే. ఫోను పగిలింది. అందాక..."

అక్క వెనక్కి తిరిగి కిటికీ చూసింది. "అక్షరాలు ఇలా సాగిపోయాయేం?"

"తుడిచాను."

"తుడుస్తావు. తుడవకపోతే ఆశ్చర్యపోవాలి" అంది అక్క. నవ్వలేదు కానీ నవ్వడానికి దగ్గర్లోనే ఉంది.

నర్సు తలుపు దగ్గరికి వచ్చింది. "ఏమండీ, వద్దనుకున్నారని డాక్టరుగారికి చెప్పెయ్యనా? ఆయన ఇంకో కేసు పిలిచేస్తారు."

"ఆగండి సిస్టర్. మనిషి వచ్చింది."

నర్సు అట్ట మీద కాగితం, పెన్ను తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. మూడు పేజీలు. మత్తు వికటించవచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు, అన్నిటికీ ఒప్పుకుంటున్నాను అని చివర ఒక గీత. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది.

"నా వల్ల కాదక్కా. పక్కింటావిణ్ణి పిలువు. నేను పరిగెత్తుకెళ్ళి తీసుకొస్తాను. నా చేతి సంగతి నీకు తెలుసు కదా. ఆ రోజు కొక్కెం నేనే..."

"తెలుసు."

"చప్పుడు వినలేదు. నవ్వుతూ..."

"నేనూ నవ్వుతూనే ఉన్నాను కదే. నీ పక్కనే ఉన్నాను, నేనూ వినలేదు." అక్క కర్ర పక్కన పెట్టింది. "పడిపోయినందుకు నీ మీద కోపం రాలేదు. ఇన్నేళ్ళూ నువ్వు రాలేదు చూడు, దానికి వచ్చింది. ఎంత వచ్చిందో చెప్పలేను. కుంటుకుంటూ వెళ్ళి తలుపు తియ్యడం, ఎవరో అయి ఉండటం. ప్రతిసారీ ఎవరో ఒకరు. నువ్వు కాదు."

చెల్లెలు మంచం అంచున కూర్చుంది.

"పక్కింటావిడ సంతకం పెడితే కాలు బాగవుతుంది. అంతే అవుతుంది" అంది అక్క. "నువ్వు పెట్టు. నా ప్రాణం నీ చేతిలో పెట్టడానికి నాకేం భయం లేదు. ఆ రోజూ లేదు, ఇవాళా లేదు. నీకే ఉంది."

నర్సు గడియారం చూసుకుంది. చెల్లెలు పెన్ను గట్టిగా పట్టుకుంది. మూడు పేజీలూ మొదటి మాట నుంచి చివరి మాట దాకా, పెదాలు కదుపుతూ, ఒక్క ముక్క వదలకుండా చదివింది. నర్సు విసుక్కుంది. అక్క ఊరుకోమన్నట్టు చెయ్యి చూపించింది. అప్పుడు పెట్టింది సంతకం. పేరు మొత్తం, పొడి అక్షరాలు లేకుండా.

నర్సు కాగితం తీసుకుని, మంచం చక్రాల అడ్డు తీస్తూ అడిగింది. "మీరు ఉంటారా, వెళ్ళిపోతారా?"

అక్క పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆ మాట తనకి సంబంధం లేనట్టే పడుకుంది కానీ, రెండు చేతులతో దుప్పటి అంచు పట్టుకుని పిండేస్తోంది.

"ఉంటాను" అంది చెల్లెలు. "అయ్యేదాకా ఉంటాను. అయ్యాక మా ఇంటికే తీసుకెళ్తాను."

అక్క మొహం అటు తిప్పుకుని ఒక్కసారిగా భోరుమంది. తుంటి విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు.