మా ఆయన గుడారంలో కూర్చున్న వారం

గుడారంలో కూర్చుని అడవి టర్కీ కోడిపుంజుని తుపాకీతో కొట్టేవాళ్ళంటే మా ఆయన వెర్లిన్‌కి ఒళ్ళు మంట. వేటగాడన్నవాడు తెల్లవారకముందే కొండెక్కాలి. ఓక్ చెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చోవాలి. పెట్ట పిలిచినట్టు పిలవాలి. పుంజు వెతుక్కుంటూ వస్తే అప్పుడు కొట్టాలి. గుడ్డ గోడల చాటున కుర్చీ వేసుకుని కూర్చునేవాడు పిక్నిక్‌కి వచ్చినట్టే గాని వేటకి వచ్చినట్టు కాదని ఆయన లెక్క. ఈ మాట చర్చి మెట్ల మీద నిలబడి, అలా వేటాడేవాళ్ళు వింటుండగానే అనేవాడు.

అలాంటి మనిషికి కిందటి అక్టోబరులో పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. కాలు ఈడ్చుకుంటూ అయినా నడుస్తున్నాడు. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఆస్పత్రిలో కసరత్తులు చేయించే అమ్మాయి ఎడమ చేత్తో తినడం, బొత్తాలు పెట్టుకోవడం నేర్పబోతే ఆమె మీద ఇంతెత్తున లేచాడు. కుడి చెయ్యి వస్తుంది, వచ్చేదాకా ఆగుతానన్నాడు. చలికాలమంతా ఆగాడు. ఆయన ఆగినన్నాళ్ళూ పళ్ళెంలో మాంసం నేను కోసి పెట్టాను, చొక్కా నేను తొడిగాను, చూడ్డానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి నేను సాగనంపాను. ఆయన టీవీ గొంతు పెంచుకుని కూర్చునేవాడు.

ఏప్రిల్‌లో వేట రోజులు మొదలయ్యే ముందురోజు హర్షెల్‌కి ఫోన్ చేశాడు. హర్షెల్ ఈయనతో కలిసి మా ఊరి చుట్టూ ఉన్న ఈ ఓజార్క్ కొండలన్నీ తిరిగినవాడు. నేను వంటింట్లోంచి విన్నాను.

"వచ్చే ఆదివారం చర్చి అయ్యాక వచ్చి మా నాన్న తుపాకీ పట్టుకుపో," అన్నాడు మా ఆయన. "ఈ వారంలో పుంజుని కొడితే సరేసరి. కొట్టలేకపోతే ఇంక అది నాకెందుకు."

ఆ తుపాకీ ఇల్లు దాటితే ఈ మనిషి ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవడు. ఈ సంగతి ఏ డాక్టరూ నాకు చెప్పలేదు, ఇన్నేళ్ళ కాపురం చెప్పింది. కొండెక్కే కాలు లేదు, ఎక్కినా చెట్టుకింద నేలమీద కూర్చుంటే లేవలేడు. అందుకని ఆయన్ని అడక్కుండా మా ఆడపడుచు కొడుకు కర్టిస్‌కి కబురు పెట్టాను. వాడు చెరువు పక్క పచ్చికబయలు అంచున గుడారం వేసి, లోపల రెండు కుర్చీలు పెట్టి వచ్చాడు.

"మామయ్యా, లోపల చీకటిగా ఉండాలి," అన్నాడు కర్టిస్. "ముందువైపు కిటికీ ఒక్కటే తెరవండి. వెనకవి తెరిస్తే వెలుగులో మీరు కదలడం పుంజుకి కనబడిపోతుంది. ఆకుల బొమ్మలున్న బట్టలు వద్దు, నల్లవి వేసుకోండి."

"నువ్వు పుట్టకముందు నుంచీ వేటాడుతున్నాను," అన్నాడు మా ఆయన. "గుడారంలో కూర్చోమన్నారు, కూర్చుంటాను. గుడారం మాట కూడా వినమంటే నా వల్ల కాదు."

వారం మొదట్లో వానలు పట్టుకున్నాయి. గురువారానికి తెరిపిచ్చింది. చీకటితోనే ట్రక్కులో గుడారం దగ్గరదాకా తీసుకెళ్ళి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ట్రక్కుని కొట్టం వెనక పెట్టి వచ్చాను. పుంజుని రప్పించడానికి ఎదురుగా గడ్డిలో బొమ్మ పెట్టనీ, దాని పక్కన కుర్ర పుంజు బొమ్మనీ గుచ్చాను. నేను లోపలికి వచ్చేసరికి ఆయన ఎడమ చేత్తో నాలుగువైపులా కిటికీలు తెరిచేసి, ఎప్పటి ఆకుల చొక్కాలో హాయిగా కూర్చుని ఉన్నాడు.

"కర్టిస్ ఏం చెప్పాడు?" అన్నాను.

"చెట్టుకింద కూర్చుంటే నాలుగువైపులా కనబడుతుంది. ఇందులో గుడ్డిగా ఎలా కూర్చోను?"

పిలవడం దగ్గర ఇంకో తంటా వచ్చింది. ఈయన ఎప్పుడూ అంగిట్లో పెట్టుకుని ఊదే చిన్న పీకతో పిలిచేవాడు. ఇప్పుడు మూతి ఒకవైపు జారి ఉండడంతో గాలి పక్కనుంచి పోయి, పెట్ట పిలుపు బదులు ఉత్త తుస్సుమనే చప్పుడు వచ్చింది. పీక ఉమ్మేసి, మూత గీకితే పలికే చెక్కపెట్టె నా ఒళ్ళో పడేశాడు. నేను గీకాను.

"అది పెట్ట పిలుపు కాదు, మన దొడ్డి గేటు," అన్నాడు.

మళ్ళీ గీకాను.

"ఇప్పుడు గేటుకి కాస్త నూనె వేసినట్టుంది. చిన్నగా. మొగుడి మీద అరిచినట్టు కాదు, మొగుణ్ణి పిలిచినట్టు."

"నాకు మొదటిదే అలవాటు," అన్నాను.

అయినా కొండవార చెట్ల మీంచి పుంజు గొళగొళమని కూసింది. ఆయన కళ్ళలోకి చాలా నెలల తరవాత వెలుగొచ్చింది, ఇది నేను ఊహించుకున్నది కాదు. తెలతెలవారుతుండగా అది చెట్టు దిగి పచ్చికలోకి వచ్చింది. తోక పూర్తిగా విప్పి, రెక్కలు నేలకి రాస్తూ, తల ఎర్రగా తెల్లగా రంగులు మారుస్తూ బొమ్మలవైపు నడిచింది. ఆయన తుపాకీ మీదికి వంగాడు. మా వెనక కిటికీలోంచి సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. పుంజు ఉన్నట్టుండి మెడ నిటారుగా చాచి, టక్కుటక్కుమని రెండుసార్లు అని, తోక ముడిచి చెట్లలోకి పరుగెత్తింది.

ఇంటికొచ్చాక హర్షెల్‌కి ఫోన్ చేసి, ఆదివారం మరిచిపోవద్దని గుర్తుచేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపం తుపాకీ మీదో ఆయన మీదో నాకే తెలియలేదు.

శుక్రవారం మళ్ళీ వాన. శనివారం చీకట్లో ఆయనకి చొక్కా తొడిగే దగ్గరికి రాగానే నేను బీరువాలోంచి నా నల్ల స్వెట్టరు తీశాను, అంత్యక్రియలకి వేసుకెళ్ళేది.

"నేనింకా పోలేదు," అన్నాడు.

"ఇది వేసుకోకపోతే నేను రాను. నువ్వొక్కడివీ నడిచి వెళ్ళు."

గునుస్తూనే ఎడమ చెయ్యి చాపాడు. ముత్యాల్లాంటి బొత్తాలున్న స్వెట్టరు పొట్ట దగ్గర బిగుతుగా పట్టేసింది. నవ్వితే ఊరుకోడని మొహం అవతలికి తిప్పుకుని బొత్తాలు పెట్టాను. పొయ్యిలో మసి తీసి ఇద్దరి మొహాలకీ రాశాను. గుడారంలో వెనక కిటికీలు నేనే మూశాను, ఆయన అడ్డు చెప్పలేదు. తుపాకీ గొట్టాన్ని నేలలో గుచ్చిన కొయ్య పంగ మీద ఆనించి, వెనక చెక్కని ఆయన ఎడమ భుజానికి అమర్చాను. కుడి చేత్తో కాల్చడం అలవాటైన మనిషి ఎడమ కంటితో గురి చూడ్డం తంటాలు పడుతూ నేర్చుకుంటున్నాడు.

ఆ రోజు నేను బాగా పిలిచాను. ఈ మాట నేను కాదు, ఆయన అన్నాడు, "ఫరవాలేదు" అని. పుంజు జవాబిచ్చింది. ఉత్సాహం వచ్చి ఇంకో నాలుగుసార్లు గీకబోతే ఆయన మోకాలితో నా మోకాలిని తట్టాడు.

"చాలు. నువ్విక్కడున్నావని వాడికి తెలుసు. రానా వద్దా అని ఇప్పుడు వాడు ఆలోచించుకోవాలి."

అది చాలాసేపు ఆలోచించుకుంది. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి చప్పుడు లేకుండా పక్కనుంచి వచ్చి, ఏకంగా కుర్ర పుంజు బొమ్మ ముందు నిలబడి ఛాతీ పొంగించింది. ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఈకల మీద రాగి రంగు మెరుస్తోంది.

వానకి నేల మెత్తబడిందన్న ధ్యాస మా ఇద్దరికీ లేదు. ఆయన బరువంతా తుపాకీ మీద వేసేసరికి కొయ్య పంగ మట్టిలోకి దిగింది, దాంతో గొట్టం కిటికీ అంచు కిందికి జారింది. ఆయన కళ్ళు పుంజు మీదున్నాయి గాని గొట్టం మీద లేవు. మీట నొక్కాడు. ముందు గోడలో తలకాయంత చిల్లు పడింది, గుడారం ఊచ ఒకటి విరిగింది, కప్పు మొత్తం మా నెత్తిన కూలింది.

గుడ్డ కింద చీకట్లో తుపాకీ మందు వాసన. నా చెవులు గింగురుమంటున్నాయి.

"బతికే ఉన్నావా?" అన్నాడు.

"నువ్వు కొట్టింది నన్ను కాదుగా."

అప్పుడు బయట పుంజు కూసింది. పిడుగు పడినా కూసే జాతి కదా, తుపాకీ చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలియక, ఉన్నచోటే నిలబడి గొళగొళమని కూసింది. ఆయన గోడకి పడిన చిల్లులోంచి చూశాడు.

"ఇక్కడే ఉన్నాడు," అన్నాడు గుసగుసగా. గొట్టాన్ని భుజంతోనే ఎత్తి చిల్లుకి ఆనించాడు. ఆ తుపాకీ గొట్టం కిందున్న చెక్క పట్టుని వెనక్కి లాగి ముందుకి తోస్తే గాని రెండో తూటా ఎక్కదు. ఎడమ చెయ్యి మీట మీద ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆయన దానివంక చూశాడు. చూసి, నావైపు తిరిగాడు.

"లాగు," అన్నాడు.

"ఏది?"

"ఆ పట్టు. చివరిదాకా లాగు."

చప్పుడైతే పుంజు పారిపోతుందని నేను మెల్లగా, మర్యాదగా లాగాను. అలా లాగకూడదట. ఖాళీ తూటా సగం బయటికొచ్చి, సగం లోపలే ఉండి అడ్డంగా ఇరుక్కుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నేను లాగుతూనే ఉన్నాను, ఆయన వేళ్ళతో పీకుతూనే ఉన్నాడు. పుంజు బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది, అందులో తనకి పనికొచ్చేదేమీ లేదని తేల్చుకుంది, తీరిగ్గా నడుచుకుంటూ కొండెక్కి వెళ్ళిపోయింది.

ఆ గుడ్డ కిందే కూర్చుని నేను ఏడ్చాను. ఆయన చేతికొచ్చిన పుంజుని నా చేతుల్తో వదిలేశాను, దానితోపాటు ఆయన్నీ వదిలేసినట్టే అనిపించింది. మసి కన్నీళ్ళతో కలిసి మెడదాకా కారింది. ఆయన ఇరుక్కున్న తూటాని ఎడమ చేతి వేళ్ళతో తిప్పి తిప్పి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"చివరిదాకా అన్నాను కదా," అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి హర్షెల్ తిన్నగా మా ఇంటికే వచ్చాడు. మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్లూ, వాటి మీదికి గ్రేవీ పెట్టాను. తిన్నంతసేపూ తుపాకీ మాట ఎత్తకుండా చేపల గురించి, వానల గురించి, కొత్త పాస్టరు గొంతు గురించి మాట్లాడాడు. మనిషి మంచివాడు. మా ఆయన కప్పు దించి నావైపు చూశాడు.

"వనీటా, నాన్న తుపాకీ తీసుకురా."

"ఎక్కడ పెట్టానో గుర్తులేదు," అన్నాను.

"తలుపు వెనక ఉంది. నేనే పెట్టాను."

తెచ్చాను. హర్షెల్ లేచి నిలబడి రెండు చేతులా అందుకున్నాడు. గొట్టం పొడవునా చూశాడు, కాని మా ఇద్దరి మొహాలూ చూడలేకపోయాడు. నేను తువ్వాలు చేతికి చుట్టుకుంటూ గోడకి ఆనుకున్నాను. ఇంట్లోంచి తుపాకీని కాదు, మనిషిని పంపిస్తున్నట్టుంది. కసరత్తుల అమ్మాయినీ, కర్టిస్‌నీ, నన్నూ, మెత్తబడ్డ నేలనీ వరసపెట్టి తిట్టుకున్నాను.

"హర్షెల్," అన్నాడు మా ఆయన, "తనంతట తనే తూటా ఎక్కించుకునే తుపాకీ ఒకటి నీ దగ్గరుందిగా. అది ట్రక్కులో ఉందా?"

"వేట రోజుల్లో ట్రక్కులో కాక చర్చిలో పెడతానా?"

"అది ఇక్కడ దింపు. ఇది నువ్వు ఉంచుకో."

హర్షెల్‌కి అర్థం కాలేదు. నాకూ కాలేదు. "ఇది మీ నాన్నది, వెర్లిన్," అన్నాడు. "నీకోసం వదిలివెళ్ళిన తుపాకీ."

"మా నాన్నకి రెండు చేతులుండేవి," అన్నాడు మా ఆయన. "నాకు ఒక్కటే."

అక్టోబరు నుంచి ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. డాక్టరు అనబోతే ఆయన గదిలోంచి లేచి వెళ్ళిపోయాడు, నేను అనబోయి మింగేశాను. ఇప్పుడు ఆయనే అన్నాడు, ఉప్పు అందించమన్నంత మామూలుగా. హర్షెల్ టోపీ పెట్టుకుని ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు తలుపు మెల్లగా మూశాడు.

నాకు సంతోషమూ వచ్చింది, ఎందుకో ఉక్రోషమూ వచ్చింది. "ఇంకోసారి అయితే చివరిదాకా లాగేదాన్ని," అన్నాను. "నాకు ఒక్క అవకాశం ఇవ్వకుండా మార్చేశావు."

"పిలవడం నువ్వే, లాగడం నువ్వే అయితే," అన్నాడు మా ఆయన, "అక్కడ నేనెందుకు?"

అని, ఫోర్కు ఎడమ చేత్తో పట్టుకుని, పళ్ళెంలో మిగిలిన బిస్కెట్టుని వంకరటింకరగా కోసుకోవడం మొదలుపెట్టాడు. గ్రేవీ బల్ల మీద చిందింది. నేను తుడవలేదు.